పాత కంప్యూటర్‌ను తూకానికి వేయకండి

పిల్లల చదువుకని పది, పన్నెండేళ్ల కిందట కొన్న కంప్యూటర్ చాలా రైతుల ఇళ్లలో మూలన పడి ఉంది. పిల్లలు చదువు ముగించి ఉద్యోగాలకు వెళ్లిపోయారు. కంప్యూటర్ మీద పాత తువ్వాలు కప్పి ఉంది. స్విచ్ వేస్తే తెర మీద బొమ్మలు కనిపించడానికే పది నిమిషాలు పడుతుంది. దుకాణానికి తీసుకెళ్తే ‘దీంట్లో కొత్త విండోస్ ఎక్కదండీ, ఇంకోటి కొనుక్కోండి’ అంటారు. చివరికి అది పాత ఇనుము కొనేవాడి కాటా మీదికి పోతుంది.

అమ్మే ముందు ఒక్కమాట. యంత్రం చెడిపోవడం వేరు, దాన్ని నడిపే ప్రోగ్రామ్‌కు కాలం చెల్లడం వేరు. స్టార్టర్ పాడైందని బావిలో మోటారును అమ్మేస్తామా? ఇదీ అంతే. పాత కంప్యూటర్‌ను నడపడానికి లినక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పాల లెక్కలు, కూలీల హాజరు, ఉత్తరాలు, మార్కెట్ ధరలు, భూమి రికార్డులు చూసుకోవడం లాంటి పనులకు అది చాలు. అయితే ఎక్కించేటప్పుడు ఒకచోట తప్పు నొక్కితే డిస్కులో ఉన్నదంతా పోతుంది. అందుకే ఈ వ్యాసం చివరిదాకా చదివాకే పని మొదలుపెట్టండి.

ఎందుకు మూలన పడింది?

విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రతి రకానికీ ఒక గడువు పెడుతుంది. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో ఆ గడువు తీరింది. విండోస్ 10ను ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇళ్లవారికి మాత్రం 2026 అక్టోబర్ దాకా పొడిగించారు. గడువు తీరితే కంప్యూటర్ ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాదు. చుట్టూ కంచె ఉంటుంది గానీ, పడిన కంతను పూడ్చేవారు ఉండరన్నమాట. అలాంటి యంత్రం మీద బ్యాంకు పనులు చేయడం మంచిది కాదు.

పోనీ విండోస్ 11 ఎక్కిద్దామంటే దానికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ప్రాసెసర్ కూడా ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం నుంచి ఉన్నవే పనికొస్తాయి. పదేళ్లు దాటిన కంప్యూటర్ ఈ పరీక్షలో నెగ్గదు.

లినక్స్ అంటే ఏమిటి?

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తదితరులు యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థను మొదలుపెట్టారు. అది పెద్ద సంస్థల పెద్ద యంత్రాలకు సంబంధించినది. అలాంటిదే అందరూ స్వేచ్ఛగా వాడుకునేలా తయారుచేయాలని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ పథకాన్ని ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తన ఇంట్లోని 386 కంప్యూటర్ కోసం లినక్స్ కెర్నల్ రాశారు. ఈ రెండూ కలిసి నేడు మనం లినక్స్ అంటున్న వ్యవస్థ అయింది.

దీని పద్ధతి రైతుకు తేలిగ్గా అర్థమవుతుంది. హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాలి. సొంత విత్తనం గాదెలో దాచుకోవచ్చు, పక్కరైతుకు నాలుగు మానికలు ఇవ్వచ్చు, మన నేలకు తగినదాన్ని ఎంచి పెంచుకోవచ్చు. లినక్స్ ఈ రెండో రకం. ఎన్ని కంప్యూటర్లకైనా ఎక్కించుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు. దుకాణంలో ఎవరైనా ఎక్కించి డబ్బు తీసుకుంటే అది వారి పనికి కూలి, సరుకుకు ధర కాదు.

విత్తనాల్లో రకాలున్నట్టే ఇందులోనూ రకాలున్నాయి. మింట్, డెబియన్, లుబుంటు, యాంటిక్స్ ఇవన్నీ లినక్స్ రకాలే. యంత్రాన్ని బట్టి రకం ఎంచుకోవాలి.

మీ యంత్రం ఏ కోవలోనిది?

రెండు సంగతులు తెలుసుకోవాలి: ర్యామ్ ఎంత, ప్రాసెసర్ 64 బిట్‌దా 32 బిట్‌దా అని. విండోస్ తెరుచుకుంటుంటే ‘కంప్యూటర్’ గుర్తు మీద కుడి బటన్ నొక్కి ‘ప్రాపర్టీస్’ చూడండి. ర్యామ్ ఎంతో అక్కడ ఉంటుంది. ‘సిస్టమ్ టైప్’ దగ్గర 32 బిట్ అని కనిపించినా తొందరపడకండి. అది లోపల ఉన్న విండోస్ సంగతి కావచ్చు. 64 బిట్ ప్రాసెసర్ మీద 32 బిట్ విండోస్ ఎక్కించి ఇచ్చిన యంత్రాలు చాలా ఉన్నాయి. ప్రాసెసర్ పేరు చూడండి. కోర్ 2 డ్యువో, ఐ3, ఐ5 అని ఉంటే అది 64 బిట్‌దే. పెంటియం 4లో పాతవి, చిన్న నెట్‌బుక్‌లలో కొన్ని ఆటమ్ రకాలు 32 బిట్‌వి.

4 జీబీ ర్యామ్, 64 బిట్ అయితే: లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఎక్కించండి. మింట్ 22 వరుసకు 2029 దాకా మరమ్మతులు ఇస్తామని తయారీదారులు చెప్పారు.

2 జీబీ ర్యామ్, 64 బిట్ అయితే: మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈకి ఇది కనీస హద్దు. నడుస్తుంది గానీ బ్రౌజర్‌లో ఒకేసారి రెండు మూడు పేజీలకు మించి తెరవకూడదు. ఇంకా తేలికైనది కావాలంటే లుబుంటు, యాంటిక్స్ చూడండి.

1 జీబీ లేదా అంతకు తక్కువ, 32 బిట్ అయితే: యాంటిక్స్ 23లో 32 బిట్ రకం ఉంది. డెబియన్ 12లో కూడా ఉంది. కానీ 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకు ఎక్కించే డిస్కు ఇవ్వడం మానేశారు. ఈ కోవ యంత్రాల మీద లెక్కలు రాసుకోవచ్చు, ఉత్తరాలు కొట్టుకోవచ్చు. నేటి వెబ్‌సైట్లు, వీడియోలు మాత్రం మోయలేవు. ముసలి ఎద్దును పెద్ద మడక్కు కట్టరాదు కదా!

కొద్ది ఖర్చుతో పెద్ద లాభం

వీలైతే రెండు భాగాలు మార్చండి. మొదటిది ర్యామ్. 2 జీబీని 4 జీబీ చేస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. డీడీఆర్2 ఉన్నచోట డీడీఆర్3 పట్టదు, కాబట్టి పాత ముక్కను చేతపట్టుకుని దుకాణానికి వెళ్లండి. సెకండ్‌హ్యాండ్ అయినా పరవాలేదు.

రెండోది డిస్కు. తిరిగే హార్డ్‌డిస్కు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెడితే పాత యంత్రానికి ప్రాణం లేచివస్తుంది. పాత హార్డ్‌డిస్కుకు వెడల్పాటి పట్టీ లాంటి కేబుల్ ఉంటే అది ఐడీఈ రకం. అలాంటి యంత్రానికి మామూలు ఎస్‌ఎస్‌డీ నేరుగా తగలదు. సన్నని సాటా కేబుల్ ఉంటే తగులుతుంది.

ఎస్‌ఎస్‌డీ పెట్టడంలో ఇంకో లాభం ఉంది. పాత హార్డ్‌డిస్కును చెరపనక్కరలేదు. బయటకు తీసి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి. ఫొటోలు, లెక్కలు, విండోస్ అన్నీ అందులో అలాగే ఉంటాయి. కుదరదనుకుంటే మళ్లీ బిగించుకోవచ్చు. మొదటిసారి చేసేవారికి ఇంతకంటే నిబ్బరమైన దారి లేదు.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది. స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే ఈ బ్యాటరీ అయిపోయినట్టే. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు సైట్లు ‘భద్రత లేదు’ అని తెరుచుకోవు. చాలామంది దీన్ని నెట్ జబ్బు అనుకుంటారు. ముందు ఆ బ్యాటరీ మార్చండి.

మొదటి పని: దాచుకోవడం

విత్తే ముందు విత్తనం దాచినట్టు, ఎక్కించే ముందు సమాచారం దాచాలి. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒకచోట ఉంది. విండోస్‌ను ‘ఫార్మాట్’ కొట్టేటప్పుడు సీ డ్రైవ్ ఒక్కటే పోయేది, డీ డ్రైవ్ మిగిలేది. ఆ అలవాటుతో పెళ్లి ఫొటోలు, పాస్‌పుస్తకం స్కాన్లు, సొసైటీ లెక్కలు డీ డ్రైవ్‌లో పెట్టి ‘అక్కడ భద్రంగా ఉన్నాయిలే’ అనుకుంటారు. లినక్స్ ఎక్కించేటప్పుడు ‘ఎరేజ్ డిస్క్’ అనే ఎంపిక నొక్కితే సీ, డీ, ఈ అన్నీ కలిపి పోతాయి. అది గదిని ఊడ్చడం కాదు, ఇల్లు మొత్తం ఖాళీ చేయడం.

కాబట్టి డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, డీ డ్రైవ్ ఇవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసి, కావలసినవి వేరే హార్డ్‌డిస్కుకు గానీ పెద్ద పెన్‌డ్రైవ్‌కు గానీ కాపీ చేయండి. ఆ పెన్‌డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తెరిచి చూడని కాపీ కాపీ కాదు. ముఖ్యమైనవి రెండుచోట్ల ఉంచడం ఇంకా మేలు.

పెన్‌డ్రైవ్ తయారీ

8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి వేరుగా తీసుకోండి. ఇందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, కాబట్టి ఫొటోలు దాచిన పెన్‌డ్రైవ్‌ను దీనికి వాడరాదు. లినక్స్ మింట్ సొంత వెబ్‌సైట్ నుంచే ఐఎస్ఓ ఫైలు దించుకోండి. సుమారు 3 జీబీ ఉంటుంది. దించడం మధ్యలో తెగితే ఫైలు పాడవుతుంది, అలాంటిది ఎక్కించబోతే సగంలో ఆగుతుంది. సరిచూసుకోవడానికి వెబ్‌సైట్‌లో చెక్‌సమ్ అనే గుర్తు సంఖ్య, పోల్చే పద్ధతి ఇస్తారు.

ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు. రూఫస్ లేదా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో రాయాలి. కొత్త రూఫస్ విండోస్ 7 మీద నడవదు. అలాంటప్పుడు తెలిసినవారి కంప్యూటర్‌లో ఈ పని చేయించుకోండి.

ఎక్కించకుండానే నడిపి చూడండి

లినక్స్‌లో మంచి సౌకర్యం ఇది. డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ మీదనే నడిపి చూడవచ్చు.

పెన్‌డ్రైవ్ గుచ్చి కంప్యూటర్ ఆన్ చేయగానే బూట్ మెనూ మీట నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవో, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీలో ఎఫ్9 లేదా ఎస్కేప్. ఆసుస్‌లో ఎఫ్8 లేదా ఎస్కేప్. జాబితాలో యూఎస్‌బీ ఎంచుకుంటే మింట్ మొదలవుతుంది. తెర నల్లగా ఉండిపోతే మళ్లీ ఆన్ చేసి ‘కంపాటిబిలిటీ మోడ్’ ఎంచుకోండి.

తెర వచ్చాక వరుసగా పరీక్షించండి: మౌస్, కీబోర్డు, శబ్దం, వైఫై, ప్రింటర్. పెన్‌డ్రైవ్ మీద నడుస్తుంది కాబట్టి కొంచెం నిదానంగా ఉంటుంది, అది లోపం కాదు. వైఫై కనిపించకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెట్టండి. నెట్ వచ్చాక ‘డ్రైవర్ మేనేజర్’ తెరిస్తే కావలసిన డ్రైవర్ అదే చూపిస్తుంది. ప్రింటర్లలో కొన్ని వెంటనే పనిచేస్తాయి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివాటికి అదనంగా ఒక ప్లగిన్ దించాలి. అసలు కుదరనివీ ఉన్నాయి. ఆ సంగతి ఈ దశలోనే తేల్చుకుంటే నష్టం లేదు.

ఎక్కించే పద్ధతి

ముందు కరెంటు సంగతి చూసుకోండి. డిస్కును విభజించే సమయంలో కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. యూపీఎస్ గానీ ఇన్వర్టర్ గానీ ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచాలి. ఉరుములు, మెరుపుల రోజున ఈ పని పెట్టుకోకండి.

1. తెర మీద ‘ఇన్‌స్టాల్ లినక్స్ మింట్’ గుర్తును రెండుసార్లు నొక్కండి. భాష, కీబోర్డు ఎంచుకోండి.

2. మల్టీమీడియా కోడెక్‌లు కావాలా అని అడిగితే టిక్ పెట్టండి. పాటలు, వీడియోలకు అవి అవసరం.

3. ఇప్పుడు అసలు చోటు వస్తుంది. ‘ఎరేజ్ డిస్క్’ అంటే మొత్తం చెరిపి ఎక్కించడం. ‘ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్’ అంటే విండోస్‌ను ఉంచి పక్కన చోటు చేసుకోవడం. రెండోది ఎంచుకునేవారు ముందుగా విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ తీసేసి పూర్తిగా షట్‌డౌన్ చేసి ఉండాలి. ఈ తెర మీద ఒక నిమిషం ఆగండి. డిస్కు పేరు, సైజు చదవండి. ఫొటోలు దాచిన బయటి హార్డ్‌డిస్కు ఇంకా గుచ్చి ఉంటే ‘క్విట్’ నొక్కి బయటికి రండి. దాన్ని ‘ఇజెక్ట్’ చేసి తీసేశాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి.

4. ‘ఇన్‌స్టాల్ నౌ’ నొక్కాక మార్పుల జాబితా చూపించి మరోసారి అడుగుతుంది. ఇది చివరి గట్టు. దీన్ని దాటేదాకా వెనక్కి రావచ్చు, దాటాక రాలేరు.

5. ప్రాంతం దగ్గర కోల్‌కతా ఎంచుకుంటే మన దేశం టైము వస్తుంది. పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. పాస్‌వర్డ్‌ను లెక్కల పుస్తకం అట్ట లోపల రాసుకోండి. మరిచిపోతే ఇబ్బంది పడతారు.

6. పాత యంత్రాల మీద అరగంట, ముప్పావుగంట పట్టవచ్చు. అయిపోయాక పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి.

ఎక్కించాక చేయవలసినవి

నెట్ కలిపి ‘అప్‌డేట్ మేనేజర్’ తెరిచి వచ్చినవన్నీ ఎక్కించండి. నెలకు ఒకటి రెండుసార్లు ఈ పని చేయాలి. ‘టైమ్‌షిఫ్ట్’ అనే ప్రోగ్రామ్‌తో వ్యవస్థ నకలు ఒకటి తీసి పెట్టుకుంటే, ఏదైనా అప్‌డేట్ తేడా చేసినప్పుడు వెనక్కి వెళ్లవచ్చు. అది వ్యవస్థకే గానీ మీ ఫొటోలకు కాదు. వాటిని విడిగా కాపీ చేసుకుంటూ ఉండాలి.

ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రేఆఫీస్ అందులోనే ఉంటుంది. పాత ఎక్సెల్, వర్డ్ ఫైళ్లను తెరుస్తుంది. మీభూమి, భూభారతి, ఈనామ్ లాంటి సైట్లు ఫైర్‌ఫాక్స్‌లో చూసుకోవచ్చు.

తెలుగు మాటేమిటి?

యూనికోడ్ తెలుగు చక్కగా కనిపిస్తుంది. కీబోర్డు సెట్టింగులలో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో కొట్టవచ్చు. ఇంగ్లిషు అక్షరాలతో ‘అమ్మ’ అని వచ్చేలా కొట్టే అలవాటున్నవారు ఐబస్‌లో ఎం17ఎన్ తెలుగు పద్ధతులు ఎక్కించుకోవాలి. ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఆపిల్ లేఅవుట్లు అందులో ఉన్నాయి.

అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్ల సంగతి వేరు. అవి యూనికోడ్ కావు. లినక్స్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. అవి అవసరమైతే ముందే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా పీడీఎఫ్ తీసి పెట్టుకోవాలి.

ఎవరు మార్చరాదు?

ట్యాలీలో లెక్కలు రాసే ఎరువుల దుకాణాలవారు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద పనిచేసే డీటీపీ కేంద్రాలవారు, వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్లు వాడే సేవా కేంద్రాలవారు ఉన్న యంత్రాన్ని మార్చరాదు. ఆ ప్రోగ్రాములు, డ్రైవర్లు ఎక్కువగా విండోస్ కోసం చేసినవి. వారు ఇంకో పాత యంత్రం మీద నేర్చుకుని, ఆ తర్వాత ఆలోచించడం మంచిది.

సందేహాలు – సమాధానాలు

వైరస్ పట్టదా? పెన్‌డ్రైవ్‌లలో తిరిగే విండోస్ వైరస్‌లు దీని మీద నడవవు. అంతమాత్రాన మోసం తగలదని కాదు. ఓటీపీ చెప్పమనే ఫోన్లకు, నకిలీ బ్యాంకు సైట్లకు ఏ కంప్యూటరూ అడ్డుపడదు.

నల్ల తెర మీద ఆదేశాలు కొట్టాలా? రోజువారీ పనులకు అక్కర లేదు. మౌస్‌తోనే జరుగుతాయి.

చెడితే ఎవరు బాగుచేస్తారు? ఇది అడగాల్సిన ప్రశ్నే. పల్లెల్లో లినక్స్ తెలిసిన మెకానిక్‌లు తక్కువ. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను తెలుగువారిలో ప్రచారం చేస్తోంది. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ చదివే పిల్లల్లో తెలిసినవారు దొరుకుతారు. ఊళ్లో ఒకరు నేర్చుకుంటే పదిళ్లకు సరిపోతుంది. ఎక్కించిన పెన్‌డ్రైవ్‌ను పారేయకండి. రేపు యంత్రం తెరుచుకోకపోతే దాంతోనే నడిపి మీ ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు.

చివరిగా ఒక మాట. కంప్యూటర్‌ను ఎలాగూ అమ్మేయాలనుకున్నా హార్డ్‌డిస్కును మాత్రం తీసి ఉంచుకోండి. పాస్‌పుస్తకాల నకళ్లు, ఆధార్ కాపీలు, ఇంటిల్లిపాది ఫొటోలు అందులోనే ఉంటాయి. తూకంలో వచ్చే నాలుగు రూపాయల కోసం వాటిని కాటా మీద పెట్టకూడదు. అమ్మకుండా ఉంచుకుంటారా, ఈ ఆదివారం తువ్వాలు తీసి దుమ్ము దులపండి. ముందు ఫైళ్లు దాచండి. తర్వాత పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడండి. బాగుందనిపిస్తేనే ఎక్కించండి.